కోట గుమ్మం ముందు అత్తరుబుడ్డి

పుస్తకం కొనేముందు మనం చూసేవి చాలావరకు పుస్తకం కానివే. అట్ట మీది బొమ్మ, వెనకవైపు పెద్దల మెచ్చుకోళ్లు, వచ్చిన బహుమతి, ఎన్నో ముద్రణో చెప్పే అంకె, ఎవరో ఫేస్‌బుక్‌లో పెట్టిన ఫొటో. తెలుగు పుస్తకానికైతే వీటికి తోడు ముందుమాటలు. అవీ ఒకటి కాదు, మూడు నాలుగు. మొదటాయన రచయితని ఆశీర్వదిస్తారు, రెండో ఆయన తన స్నేహాన్ని తలుచుకుంటారు, మూడో ఆయన కథలన్నీ ముందే చెప్పేస్తారు. ఇక ఆవిష్కరణ సభలో శాలువా కప్పించుకున్న వక్త పుస్తకం తప్ప మిగతావన్నీ మాట్లాడి దిగిపోతారు. ఏటా జనవరిలో బెజవాడ పుస్తక మహోత్సవానికి గోదావరి జిల్లాల నుంచి బస్సెక్కి వెళ్లే పాఠకుడు ఇంతమందిని తప్పించుకుని లోపలి పేజీ దగ్గరికి చేరేసరికి సాయంత్రమవుతుంది, డబ్బులూ అయిపోతాయి.

మంచి సరుకు తీసుకుని వచ్చినవాడికీ, దాన్ని గుర్తించగలిగినవాడికీ మధ్య అడ్డం నిలబడే ఈ జనం గురించి శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు రెండు కథలు రాశారు. అవి పుస్తకాల కథలు కావు. ఒకటి అత్తరు, ఒకటి చదరంగం. రెండూ పెద్దాపురం సంస్థానంలో నడుస్తాయి. పుస్తకం ఎంచుకోవడం ఎలాగని నన్నెవరైనా అడిగితే సలహాల చిట్టా ఇవ్వను. ముందు ఈ రెండు కథలు చదవమంటాను. కథలో చెప్పింది ఒక ఎత్తు, ఆ కథ కట్టిన తీరు ఇంకో ఎత్తు. రెండోది ఒకసారి కంటికి ఆనితే, తరువాత ఏ పుస్తకం చేతిలోకి తీసుకున్నా అందులో పనితనం ఉందో లేదో వేళ్లకే తెలుస్తుంది.

శాస్త్రిగారు 1891లో అనపర్తి దగ్గరి పొలమూరులో పుట్టారు. శాస్త్రం, జ్యోతిషం, ఆయుర్వేదం, పద్యం, అవధానం, అన్నీ సంప్రదాయ పద్ధతిలో వచ్చిన చదువులు. ఇంగ్లీషు రాదు. రానందుకు చిన్నబోలేదు సరికదా, దాన్ని ఒక పట్టుదలగా నిలబెట్టుకున్నారు. 1919లో రాజమండ్రిలో వ్యావహారిక భాష కోసం సమాజం పెట్టి, కందుకూరి వీరేశలింగంగారు అధ్యక్షులుగా, గిడుగు రామమూర్తిగారు వెన్నుదన్నుగా నిలిచిన కాలం అది. పద్యం రాసే చేతిని వచనానికి తిప్పుకున్న పండితుల్లో శాస్త్రిగారంత పూర్తిగా తిరిగినవారు తక్కువ. రాజమండ్రి నుంచి 'ప్రబుద్ధాంధ్ర' పత్రిక నడిపారు, వాల్మీకి రామాయణాన్ని వాడుక వచనంలోకి తెచ్చారు. 1956లో ఆ ఊళ్లోనే కనకాభిషేకం జరిగింది. 1961లో కన్నుమూశారు. ఆ జీవితం ఎలాంటిదో ఆయన 'అనుభవాలూ–జ్ఞాపకాలూనూ'లో చెప్పుకున్నదాని ముందు ఈ నాలుగు ముక్కలూ చప్పగా ఉంటాయి కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

'గులాబీ అత్తరు'లో షుకురల్లీఖాన్ అత్తరు పనివాడు. ఢిల్లీ నుంచి వచ్చాడు. పెద్దాపురం ప్రభువు రసికుడని విన్నాడు. తన జీవితపు పనితనమంతా పోసి తయారుచేసిన అత్తరు ఆయన చేతుల్లో పెట్టాలని వచ్చాడు. డబ్బు ఒక్కటే కాదు అతనికి కావలసింది, వాసన తెలిసిన ముక్కు కావాలి. లోపల ఆ ముక్కు ఉంది, బయట ఈ అత్తరు ఉంది. మధ్యలో దివాణం ఉద్యోగులు. వాళ్లకి అత్తరు సంగతి తెలియదు, అధికారం సంగతి తెలుసు. చివరికి ఖాన్ ఆ బుడ్డిని కోటగోడకేసి కొడతాడు. తరువాత ఏమవుతుందో చెప్పను. గాలికి మాత్రం దివాణం అనుమతి అక్కర్లేదు.

కథ ఇంతే. ఇంత చిన్న సంగతిని శాస్త్రిగారు కథ చేసిన విధానం చూడాలి. అత్తరు గొప్పదని పాఠకుడిని నమ్మించాలి, కాగితానికి వాసన లేదు. వాసన ఎంత గొప్పదో విశేషణాలతో చెప్పబోతే రెండో వాక్యానికే పాఠకుడికి ముక్కు మూసుకుపోతుంది. అందుకని ఆయన అత్తరుని పొగడటం మీద ఆధారపడలేదు. పనివాడి పట్టుదలని చూపించారు. సరుకు ఎవరికి పడితే వాళ్లకి అమ్ముకుని పోవచ్చు, పోడు. గెంటేసిన కొద్దీ తిరిగి వస్తాడు. వాడు దానికోసం ఎంత అవమానం మింగడానికి సిద్ధపడ్డాడో చూసినకొద్దీ సరుకు విలువ మన మనసులో పెరుగుతుంది. బుడ్డి పగిలేసరికి ఆ అత్తరు మనం ఒక్కసారి కూడా చూడకపోయినా నష్టం మనదే అనిపిస్తుంది. పగలడమన్న ఒక్క పని మీద కథ బరువంతా ఆగేలా ముందు పేజీలన్నీ కట్టారు.

ఇక్కడ నాకొక కొలత దొరికింది. ఏ పుస్తకమైనా గొప్ప సంగీతకారుడినో గొప్ప వైద్యుడినో గొప్ప అందగత్తెనో ముందుకు తెచ్చినప్పుడు, ఆ గొప్పతనం రచయిత మాట మీద నమ్మాల్సి వస్తోందా, లేక నాకే తెలుస్తోందా అని చూసుకుంటాను. "అద్భుతంగా పాడాడు" అని రాసి ముందుకు వెళ్లిపోయే నవలలు మనకి కొల్లలు. పాట వింటున్నవాళ్లలో ఒకడు లేచి వెళ్లబోయి గడప మీద ఆగిపోయాడని రాసినవాడి పుస్తకం నేను కొంటాను.

రెండో కథ 'వడ్లగింజలు'. తంగిరాల శంకరప్ప చదరంగం ఆడతాడు. ఇతనికీ ప్రభువు దర్శనం తేలిగ్గా దొరకదు, ఇతన్నీ పైకి కనిపించే దాన్నిబట్టి తూచేవాళ్లే ఎదురవుతారు. అతను అడిగే బహుమానం మాత్రం ప్రపంచమంతా తిరిగిన పాత లెక్క. పలక మీద మొదటి గడికి ఒక వడ్లగింజ, రెండో గడికి రెండు, మూడో దానికి నాలుగు, అలా అరవై నాలుగు గళ్లకీ రెట్టింపు చేసుకుంటూ పోవాలి. అరబ్బు రచనల్లో ఈ లెక్క 13వ శతాబ్దానికే ఉంది. అంటే కథావస్తువు శాస్త్రిగారిది కాదు. పుస్తకాన్ని దాని వస్తువుని బట్టి ఎంచుకునేవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. "దేని గురించి రాశాడు?" అన్న ప్రశ్నకి జవాబు ఇక్కడ 'ఎప్పటినుంచో అందరికీ తెలిసిన దాని గురించి' అని వస్తుంది. అయినా ఇది తెలుగులో వచ్చిన గొప్ప పెద్దకథల్లో ఒకటి.

ఆ లెక్క ఒకసారి మన వడ్లతో వేసి చూద్దాం, డెల్టావాళ్లకి ఇది సరదా పని. స్వర్ణలాంటి సన్నరకం గింజ సుమారు 20 మిల్లీగ్రాములు తూగుతుందనుకోండి. మొదటి వరస ఎనిమిది గళ్లకీ కలిపి 255 గింజలు, అంటే 5 గ్రాములు. కోడిపిల్లకి చాలదు. రెండు వరసలకి కేజీ మూడొందల గ్రాములు. మూడు వరసలకి మన 75 కేజీల బస్తాలు నాలుగున్నర. సగం పలకకి, అంటే 32 గళ్లకి 1,145 బస్తాలు. ఎకరానికి 35 బస్తాల చొప్పున చూస్తే ఈనాటి లెక్కలో ముప్ఫై మూడెకరాల దాళ్వా పంట, అంతే. సంస్థానాధీశుడు నవ్వుతూ ఇచ్చేయగలడు. ఇంకో వరస దాటేసరికి రెండు లక్షల తొంభై వేల బస్తాలు. మొత్తం పలకకి గింజలు 1,84,46,74,40,73,70,95,51,615. తూకంలో 36,900 కోట్ల టన్నులు. ఇప్పుడు ప్రపంచమంతా కలిసి ఏడాదికి పండించే ధాన్యంతో తీర్చాలంటే నాలుగున్నర వందల ఏళ్లు దాటుతుంది.

గమనించాల్సిందేమంటే, సగం దూరం వచ్చినా భయం కలగదు. కథ కూడా అలాగే నడుస్తుంది. అక్కడొక చిన్న మాట, ఇక్కడొక చిన్న అవమానం, ఎవరో ఒకరి వెటకారం, ఒకరి జాలి. ఏదీ పెద్దది కాదు. హడావుడి పాఠకుడు "ఇంత సాగదీత ఎందుకండీ" అనుకునే చోటే అసలు పని జరుగుతోంది. ప్రతి సంఘటనా ముందుదాని మీద కూర్చుని దాని బరువు పెంచుతోంది. చివరి ఎత్తు వేసేసరికి వెనక్కి తిరిగి చూస్తే తీసేయదగ్గది ఒక్కటీ కనిపించదు. నేటి పత్రికల కొలతలో ఇది కథ నిడివి కాదు, నవలిక. నేటి సంపాదకుడి బల్ల మీద పడి ఉంటే మూడో వంతుకి కుదించమనేవారు. కుదిస్తే మిగిలేది ఆ పాత లెక్కొక్కటే.

అందుకే "నిదానంగా సాగుతుంది" అన్న మాటని నేను పుస్తకానికి దోషంగా తీసుకోను. నిదానంగా సాగుతూ ఏదైనా పోగవుతోందా, లేక ఉన్నచోటే కాలు ఆడుతోందా, అది చూడాలి. నలభయ్యో పేజీలో ఉన్నప్పుడు పదో పేజీలోని సంగతి ఒకటి తిరిగి గుర్తొచ్చి అర్థం మారిందంటే అది పోగవుతున్న పుస్తకం.

శాస్త్రిగారి పనితనంలో అందరూ ఒప్పుకునేది సంభాషణ. ఒప్పుకున్నంత మాత్రాన దగ్గరికెళ్లి చూసినట్టు కాదు. ఆయన కథ చాలాసార్లు నేరుగా మాటతో మొదలవుతుంది. ఎవరు, ఎక్కడ, ఏ వేళ అనేది పాఠకుడే వినికిడితో పట్టుకోవాలి. అన్నాడు, అంది, బదులిచ్చాడు, నిట్టూర్చింది లాంటి కొక్కేలు వీలైనంత తీసేశారు. మాటల పక్కన మొహం ఎలా పెట్టారో చెప్పరు. వాక్యం విరిగిన చోటునిబట్టి, పిలుపునిబట్టి, ఏ ప్రశ్నకి జవాబు దాటవేశారో దాన్నిబట్టి మొహం మనకే కనిపిస్తుంది. నాటకంలో అయితే నటుడు సాయం చేస్తాడు. ఇక్కడ కాగితం మీదే గొంతు పలకాలి.

'అరికాళ్లకింద మంటలు' చూడండి. ఇంటిల్లిపాదీ చాకిరీ చేయించుకునే ఒక బాలవితంతువు కథ. ఆ పిల్ల కష్టాన్ని వర్ణించే పేరాలకోసం వెతక్కండి. ఆమెకి పని పురమాయించే గొంతులే ఆ ఇల్లంతా. ఆ గొంతులు విన్నాక వేరే వర్ణన అక్కర్లేదు. రాత్రివేళ ఆ పిల్ల ఇల్లు వదిలి బండెక్కి వీరేశలింగం పంతులుగారి తోటకి పొమ్మంటుంది. రాజమండ్రిలో పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. ఆ తేదీ తెలియని పాఠకుడికి కూడా, ఆ తోట పేరు వినగానే ఆమె ఎంత దూరం వచ్చేసిందో అర్థమవుతుంది. ఇంట్లో నోరెత్తని మనిషి బయట బండివాడితో మాట్లాడటమే ఒక పెద్ద మలుపు. సంస్కరణ గురించి ఉపన్యాసం లేకుండా సంస్కరణ కథ రాయడం చెప్పినంత సులువు కాదు. ఆ కాలంలో అదే వస్తువు మీద వచ్చిన రచనలు బోలెడు. చాలావాటిలో పాత్రలు మాట్లాడవు, రచయిత నోటితో తీర్మానాలు చేస్తాయి.

దుకాణంలో నిలబడి చేయదగ్గ పరీక్ష ఒకటి దీంట్లోంచే వచ్చింది. నవలని మధ్యలో తెరిచి సంభాషణ ఉన్న పేజీ చూడండి. పేర్ల మీద బొటనవేలు పెట్టి మూసి, పెదవులు కదిపి చదవండి. ఎవరి మాట ఎవరిదో తెలియాలి. అత్తగారూ కోడలూ, వకీలూ గుమస్తా, అందరూ ఒకే వార్తాపత్రిక చదివి వచ్చినట్టు మాట్లాడుతున్నారంటే ఆ పుస్తకాన్ని దాని చోట పెట్టేయవచ్చు. కొట్టు యజమాని వింతగా చూస్తాడు, చూడనివ్వండి. మొదటి పేజీ మాత్రం నమ్మకండి. రచయిత దాన్ని ఇరవైసార్లు దిద్ది ఉంటాడు. నూటపాతికో పేజీలో ఆయన ఒంటరిగా దొరుకుతాడు.

అయితే ఈ పరీక్షని పిడివాదం చేసుకుంటే మంచి పుస్తకాలు చేజారిపోతాయి. అదే డెల్టా మనిషి, తిరుపతిపురంలో 1915లో పుట్టిన పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' తీసుకోండి. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చిన కథ. అందులో శాస్త్రిగారి మాటల సందడి లేదు. వేదాంతమూ, నియమాలూ, క్రమశిక్షణా కవచంలా తొడుక్కున్న ఒక పెద్దమనిషి, ఒక ముష్టిది, ఒక స్టేషను, ఒక రాత్రి తుపాను. పద్మరాజు కాకినాడ పి.ఆర్. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినవారు. కథ కూడా ప్రయోగశాల పద్ధతిలో ఉంటుంది. పాత్రలో పదార్థం వేసి, మంట పెంచుతూ పోయి, ఏ ఉష్ణోగ్రత దగ్గర ఏది కరుగుతుందో చూస్తారు. మాటలు తక్కువైన కొద్దీ గాలి చప్పుడు ఎక్కువవుతుంది. బహుమతి వచ్చింది కాబట్టి చదవమనడం లేదు. బహుమతి కూడా గుమ్మం దగ్గరి జవానే, ఈసారి పొరపాటున సరైన మనిషిని లోపలికి పంపాడు. పోలిక చూడటానికి చెబుతున్నాను. ఒకాయన అంతా నోటితో పలికించారు, ఇంకొకాయన నోరు కట్టేశారు. ఇద్దరిలోనూ సమానంగా ఉన్నది ఒక్కటే. తమకి పనికిరాని పనిముట్టుని ముట్టుకోలేదు.

శాస్త్రిగారిలో నాకు నచ్చనివీ ఉన్నాయి. 'మార్గదర్శి'ని చాలామంది నెత్తిన పెట్టుకుంటారు. నౌకరీ కోసం ఎదురుచూడకుండా సొంత వ్యాపారం పెట్టుకోమన్న ఆ ఉద్బోధ ఆ కాలానికి అవసరమే, ఈ కాలానికీ అవసరమే. కానీ అందులో వాదన ముందు నడుస్తుంటే కథ వెనకాల ఆయాసపడుతూ వస్తుంది. కొన్ని కథల్లో ఆయన ఆడవాళ్లు మరీ తెలివిగా, మరీ తడుముకోకుండా గెలిచేస్తారు. ఎదుటి మగాడికి ఒక్క మంచి జవాబైనా దొరికితే ఆ గెలుపు ఇంకా రుచిగా ఉండేదనిపిస్తుంది. ఇలా అనగలగడానికి కొలబద్ద ఎక్కడిదంటే, అదీ ఆయన దగ్గర తీసుకున్నదే. 'వడ్లగింజలు' రాసిన చెయ్యి కాబట్టే 'మార్గదర్శి' దగ్గర అసంతృప్తి. ఒక రచయిత మంచి పనిని తెలుసుకున్నవాడికి అదే రచయిత మామూలు పని కూడా కనిపిస్తుంది. ఆ చూపు రాకపోతే మనం చేసేది అభిమానం, పఠనం కాదు.

ఒకప్పుడు రాజమండ్రి పరిసరాల్లో ఈ చూపుకి కొదవ లేదు. 1878లో వీరేశలింగంగారి 'రాజశేఖర చరిత్రము' వచ్చింది. గోల్డ్‌స్మిత్ ఇంగ్లీషు నవల ఛాయ తీసుకుని, ధవళేశ్వరం కొండా గోదావరీ ముందు పెట్టి తెలుగు ఇల్లు కట్టిన నవల. దానిమీద కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు 'వివేకచంద్రికా విమర్శనం' అని ఏకంగా ఒక పుస్తకమే రాశారు. పండితుల తగవుల్లో కొంత కోపతాపాలు ఉంటాయి, ఉండనీండి. ఒక పుస్తకం విలువ తేల్చడానికి ఇంకో పుస్తకమంత ఓపిక పెట్టారు. ఇప్పుడు ఐదు నక్షత్రాల్లో ఎన్ని నొక్కాలా అని ఆలోచించడానికే మనకి తీరిక లేదు. గౌతమీ గ్రంథాలయం మూలం కూడా ఆ వేడిలోదే. 1898లో నాళం కృష్ణారావుగారు వాసురాయ కవి పేరిట పెట్టిన గ్రంథాలయం అది. ఆ బీరువాల వరసల ముందు నిలబడితే ఒక సంగతి తడుతుంది. అచ్చయిన రోజుల్లో హోరెత్తిపోయిన పేర్లు ఎన్నో ఇప్పుడు బూజు దులిపితే తప్ప కనబడవు. పక్కనే అట్టలు చిరిగి, కుట్లు ఊడి, రెండుసార్లు బైండు చేయించినవి ఉంటాయి. అట్ట మీది మెచ్చుకోళ్ల కంటే ఆ చిరుగులే నిక్కమైన సాక్ష్యం. లైబ్రరీలో పుస్తకం తీసేముందు వెనక అట్టకి అంటించిన తేదీల చీటీ చూడటం నాకు అలవాటు. దశాబ్దానికోసారైనా ఎవరో ఒకరు తీసుకెళుతూ ఉన్నారంటే అందులో ఏదో ఉంది. ఒకే ఏడాదిలో ముప్ఫైసార్లు వెళ్లి తరువాత కదలనిది ఆ ఏడాది సంచలనం, లేదా ఆ ఏడాది పాఠ్యపుస్తకం.

శ్రీపాదవారిని కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కథల సంపుటిని వరసగా చదవనక్కర్లేదు. 'గులాబీ అత్తరు' ఒక్క బిగిన అయిపోతుంది, అక్కడ మొదలుపెట్టండి. 'అరికాళ్లకింద మంటలు' పైకే చదవండి, ఇంట్లో వినేవాళ్లుంటే మరీ మంచిది. గొంతు మార్చకుండా చదవలేరు. 'వడ్లగింజలు'కి ఒక ఆదివారం ఇవ్వాలి, మధ్యలో ఫోను చూస్తే లెక్క తప్పుతుంది. 'పుల్లంపేట జరీచీర' నవ్వుకోవడానికి ఉంచుకోండి. మొగుడూ పెళ్లాల మాటల్లో ఎవరు ఎవరిని ఎక్కడికి నడిపిస్తున్నారో గమనిస్తే ఆ నవ్వు వెనక ఎంత కత్తిరింపు ఉందో తెలుస్తుంది. ఆత్మకథ ఆఖరున. ఆయన ఇష్టాలూ అయిష్టాలూ అందులో ముక్కుసూటిగా ఉంటాయి. హిందీ మీద కోపం, ఇంగ్లీషు చదువుల మీద విసురు, తెలుగు మీద మంకుపట్టు. సగం చోట్ల మీరు ఒప్పుకోరు. ఒప్పుకోని చోట మార్జిన్‌లో పెన్సిల్‌తో దెబ్బలాడండి. ఆ ప్రతి లైబ్రరీది కాకపోతేనే సుమా.